ఆనకట్ట కింద ఎనిమిది బాంబులు: నింటెండో తాబేళ్ళ ఆటలో జమాఖర్చు

మీరు అడిగింది ఇది. 1989 నాటి నింటెండో ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ ఆడుతున్నారు. మొదటి ఏరియా తేలిగ్గానే అయిపోతోంది. రెండో ఏరియాలో ఆనకట్ట కింద ఈదుతూ బాంబులు తీయమన్న చోట ప్రతిసారీ రెండు మూడు తాబేళ్ళు పోతున్నాయి. ఎలాగో బయటపడినా మూడో ఏరియాలో ఆట ముగిసిపోతోంది. ఇందులో ఆట చేసే అన్యాయం ఎంత, మన చేతకానితనం ఎంత అని మీ సందేహం.

అన్యాయం ఉంది, దాని సంగతి కింద చెప్తాను. కానీ చాలామంది ఓడిపోయేది బొటనవేలు చాలక కాదు, ఈ ఆటని మారియోలా ఆడటం వల్ల. మారియోలో ఒక్కడే మనిషి, వాడికి ప్రాణాలు మూడు. ఇక్కడ నాలుగు తాబేళ్ళు, నాలుగింటికీ విడివిడిగా శక్తి, విడివిడిగా ఆయుధాల నిల్వ. ఎప్పుడు కావాలంటే అప్పుడు స్టార్ట్ నొక్కి ఒకదాన్ని లోపలికి పంపి ఇంకోదాన్ని దింపొచ్చు. ఈ ఒక్క సౌకర్యం మీదే ఆటంతా కట్టారు. ఎవరి శక్తి ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎవరిది దాచుకోవాలి అన్న లెక్క కుదిరితే మామూలు చేతివాటంతోనే చివరిదాకా వెళ్ళొచ్చు.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. అదే 1989లో, ఈ ఆటని చేసిన కొనామీ కంపెనీయే ఇదే పేరుతో ఇంకో ఆట తెచ్చింది, అది వీడియో గేమ్ పార్లర్లలో నాణెం వేసి నలుగురు కలిసి ఆడేది. దాన్ని తర్వాత ఇంటి నింటెండోకి ‘టర్టిల్స్ 2: ది ఆర్కేడ్ గేమ్’ పేరుతో దించారు. మీరు ఆడుతున్నది ఆ రెండోది కాదు. మీది అమెరికాలో అల్ట్రా గేమ్స్ పేరు మీద వచ్చిన ఒంటరి ఆట. అల్ట్రా అంటే వేరే ఎవరో కాదు, కొనామీ సొంత కంపెనీయే. ఏడాదికి ఒక కంపెనీ ఐదు ఆటలకు మించి అమ్మకూడదని అప్పట్లో నింటెండో అమెరికాలో షరతు పెడితే, ఆ షరతుని తప్పించుకోవడానికి పెట్టిన రెండో బోర్డు అది. యూరప్‌లో ఇదే ఆట పేరులో ‘నింజా’ తీసేసి ‘హీరో’ పెట్టి అమ్మారు. కాబట్టి ఎవరైనా చిట్కా చెప్తే అది ఏ తాబేళ్ళ ఆట గురించో చూసుకోండి. సగం చిట్కాలు ఆర్కేడ్ ఆటవి, ఇక్కడ పనిచేయవు.

ఇప్పుడు తాబేళ్ళ సంగతి. 1984లో ఈస్ట్‌మన్, లెయిర్డ్ అనే ఇద్దరు చిత్రకారులు నలుపు తెలుపు కామిక్‌గా మొదలుపెట్టినప్పుడు నాలుగింటికీ కళ్ళకు ఒకటే రంగు గుడ్డ, చేతిలో ఆయుధం చూసే గుర్తుపట్టాలి. ఈ ఆటలోనూ అసలు తేడా ఆయుధంలోనే ఉంది. డొనటెల్లో కర్ర అందరికన్నా పొడుగు, దెబ్బ అందరికన్నా బరువు. తిప్పడం మాత్రం నెమ్మది. లియొనార్డో కత్తులు రెండో స్థానం: పొడవు ఫర్వాలేదు, వేగం ఉంది. మైకెలాంజెలో నాన్‌చాకు (గొలుసుతో కలిపిన రెండు కర్రలు), రాఫేల్ సాయి (మూడు మొనల బాకు) చాలా పొట్టివి. రాఫేల్‌తో కొట్టాలంటే శత్రువు ఒంటికి ఒళ్ళు తగిలేంత దగ్గరికి పోవాలి, అంత దగ్గరికి పోతే దెబ్బ మనకే ముందు తగుల్తుంది. డొనటెల్లో కర్రకి ఇంకో గుణం ఉంది. పైకి గానీ కిందికి గానీ నొక్కిపట్టి కొడితే అది మధ్యలో ఉన్న నేలని, కప్పుని పట్టించుకోదు. పై అంతస్తులో తిరిగే వాణ్ణి కింద నిలబడే పొడిచేయొచ్చు. వాడు దిగి వచ్చేదాకా ఆగక్కర్లేదు.

అందుకే మొదటిసారి ఆడేవాళ్ళు ఏం చేస్తారంటే, డొనటెల్లో బాగున్నాడని అన్ని చోట్లా వాణ్ణే వాడి, మొదటి రెండు ఏరియాల్లోనే పోగొట్టుకుంటారు. ఆ తర్వాత మిగిలిన పొట్టి ఆయుధాలతో మూడో ఏరియాలో కష్టపడతారు. మీకు జరుగుతున్నది కూడా అదే అయి ఉంటుంది.

మొదటి ఏరియాలో చేయాల్సింది రెండే పనులు. వీధుల్లో తిరిగేటప్పుడు రోడ్డు రోలర్ బండ్లకి దూరంగా ఉండండి. దాని కింద పడితే శక్తి ఎంత ఉన్నా లెక్కలేదు, ఆ తాబేలు పోయినట్టే. చివర్లో తాబేళ్ళ స్నేహితురాలు ఏప్రిల్‌ని పట్టుకున్న ఖడ్గమృగం రాక్‌స్టెడీ దగ్గర డొనటెల్లోని దింపి, పేర్చిన పెట్టెల మీదికెక్కి, అక్కణ్ణుంచి కిందికి కొట్టండి. వాడు పరుగెత్తి వచ్చి పెట్టెల పక్కనే కొట్టుకుంటుంటాడు, మీ కర్ర వాడి నెత్తిన పడుతుంటుంది. నేల మీద నిలబడి ఎదురు తిరగడం అనవసరపు ఖర్చు.

బాస్‌ని, అంటే ఏరియా చివర్లో కాచుకున్న ఆ పెద్ద శత్రువుని, కొట్టడానికి ముందే ఒకసారి నిల్వ చూసుకోండి. ఈ ఆటలో భవనంలోకి వెళ్ళి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్తే, అక్కడ తీసుకున్న పిజ్జా మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. తిన్న తాబేలికి మాత్రమే బలం వస్తుంది కాబట్టి ఒక్కో ట్రిప్పుకి ఒక్కోదాన్ని దింపి తినిపించాలి. విసుగు పనే. కానీ ఈ ఆటలో టైం లెక్క ఉన్నది ఆనకట్ట దగ్గర మాత్రమే, మిగతా చోట్ల ఎంతసేపు తిరిగినా అడిగేవాడు లేడు. నాలుగు తాబేళ్ళూ నిండుగా ఉంటేనే రెండో ఏరియాలోకి అడుగుపెట్టండి.

ఇక ఆనకట్ట. గడువు 2 నిమిషాల 20 సెకన్లు, అంటే 140 సెకన్లు. బాంబులు 8. ఒక్కోదానికి పదిహేడున్నర సెకన్లు వస్తాయి. వినడానికి ఇరుకుగా ఉంటుంది గానీ, దారి తెలిసినవాడికి ఇది సరిపోయి కొంచెం మిగులుతుంది కూడా. గడువు మించితే ఆనకట్ట పేలిపోతుంది, లోపల ఎన్ని తాబేళ్ళు మిగిలున్నా ప్రయోజనం ఉండదు. బాంబుని తీయడానికి వేరే బటన్ ఏమీ లేదు, ఈదుకుంటూ వెళ్ళి తాకితే చాలు.

ఇక్కడ గమనించాల్సిన అసలు విషయం: నీళ్ళలో ఎవరూ ఆయుధం వాడలేరు. డొనటెల్లో పొడుగు కర్రా, రాఫేల్ పొట్టి సాయీ ఇక్కడ ఒకటే, రెండూ సున్నా. నాలుగు తాబేళ్ళూ ఒకేలా ఈదుతాయి, ఒకేలా దెబ్బ తింటాయి. మరి నేల మీద ఎందుకూ పెద్దగా పనికిరాని రాఫేల్‌ని, మైకెలాంజెలోని ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే కదా. దూకేటప్పుడే రాఫేల్‌ని దింపండి. శక్తి చివరి గీతల్లోకి రాగానే స్టార్ట్ నొక్కి మైకెలాంజెలోకి మారండి, తర్వాత లియొనార్డో. డొనటెల్లో తడవకుండా ఉండాలి. పాజ్‌లో ఉండగా గడియారం ఆగిపోతుంది కాబట్టి మార్చుకోవడానికి టైం ఖర్చు లేదు, పైగా బొటనవేలికి రెండు క్షణాలు విశ్రాంతి.

ఖర్చు పెట్టడం అంటే చంపేయడం అనుకోవద్దు. ఒక్క గీత మిగిలిన తాబేలిని తర్వాత పిజ్జాతో నింపుకోవచ్చు. పూర్తిగా అయిపోయినదాన్ని శత్రువులు పట్టుకుపోతారు, మూడో ఏరియా నుంచి ఎక్కడో కట్టేసి ఉన్నప్పుడు వెతికి విడిపించుకుంటే తప్ప తిరిగి రాదు. అదీ ఒక్కసారికి ఒక్కదాన్నే. కాబట్టి గాయాలతోనైనా నాలుగూ బయటపడటం మంచి ఫలితం, రెండు నిండుగా ఉండి రెండు పోవడం చెడ్డ ఫలితం. లెక్కకి రెండూ ఒకటే శక్తి అయినా సరే.

ఈత ఎలా ఈదాలో చెప్తాను, ఎక్కువ శక్తి పోయేది ఇక్కడే. ఎ బటన్ కొట్టినప్పుడల్లా తాబేలు ఒక బార ఈదుతుంది, వదిలేస్తే మెల్లగా కిందికి దిగుతుంది. భయంతో బటన్ టకటకా కొట్టేవాళ్ళు పైకప్పుకి అతుక్కుంటారు, ఆ పైకప్పుకే మెరిసే గులాబీరంగు నాచు వేలాడుతుంటుంది. దాన్ని తాకితే షాక్. ఒకసారి తగిలి ఊరుకోదు, ఒంటికి ఆనుకుని ఉన్నంతసేపూ శక్తి కరుగుతూనే ఉంటుంది. అందరూ తిట్టుకునే సందు ఒకటుంది: పైనా నాచే, కిందా నాచే, మధ్యలో తాబేలు పట్టీపట్టనంత ఖాళీ. ఆ సందులోకి వెళ్ళే ముందు బయట ఒక్క క్షణం ఆగి, ఎత్తు సరిచూసుకుని, అప్పుడు పక్క బటన్ నొక్కిపట్టి, ఎ బటన్‌ని సమంగా, గోడ గడియారం టిక్కుల్లాగా కొడుతూ పోవాలి. తాబేలు కాస్త దిగీ దిగకముందే ఇంకో చిన్న దెబ్బ. లోపల నాచు తగిలిందనుకోండి, వెనక్కి తిరగకండి. వెనక్కి వచ్చేదారిలోనూ అదే నాచు తగుల్తుంది, మళ్ళీ లోపలికి వెళ్ళేటప్పుడు మూడోసారి. ముందుకే తోసుకుపోతే ఒక్కసారి కట్టే సుంకంతో సరిపోతుంది. ఈ సందులో కొంత శక్తి పోవడం ఖాయం అని ముందే జమకట్టుకోండి. బొత్తిగా దెబ్బ తినకుండా దాటాలని పట్టుబట్టేవాళ్ళే ఇక్కడ గడువు మించిపోయి పేల్చుకుంటారు.

వెలిగి ఆరే కరెంటు తీగల దగ్గర మాత్రం సూత్రం తిరగబడుతుంది. అక్కడ ఆగాలి. ఒకసారి వెలిగి ఆరడం చూసి, ఆరిన వెంటనే కదలాలి. ఆరి కాసేపయ్యాక బయల్దేరి, మళ్ళీ వెలిగేలోగా దాటుదామనుకుంటే మధ్యలో దొరికిపోతారు. నీటి లాగుడు ఉన్న చోట ఎదురీదుతూ నిలబడటానికి చూడకండి, అది తోసే వైపు ఏ బాంబు ఉందో తెలుసుకుని ఆ క్రమంలోనే పని కానివ్వండి.

దారి నేర్చుకోవడానికి ఒక ఆట మొత్తం వదిలేసుకోండి. అంటే ఒకసారి గెలవాలనే ఆలోచన లేకుండా దిగి, గడువు అయిపోయేదాకా ఏ బాంబు ఎక్కడుందో కాగితం మీద గీసుకోండి. ఆటలో కంటిన్యూలు, అంటే ఓడాక మళ్ళీ కొనసాగించే అవకాశాలు, రెండే ఉన్నాయి, పరిశోధనకి వాటిని వాడకండి. పరిశోధన ఆట వేరు, గెలిచే ఆట వేరు.

ఇప్పుడు ఆట చేసే అన్యాయం. స్క్రీన్ మీద నలుగురైదుగురు శత్రువులు చేరేసరికి బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి, కొన్ని కనిపించకుండా పోతాయి. ఇది మీ టీవీ లోపం కాదు. నింటెండో బొమ్మల చిప్పు ఒక అడ్డగీత మీద ఎనిమిది చిన్న ముక్కలకు మించి గీయలేదు. ఒక్క తాబేలు బొమ్మకే ఆ ముక్కలు చాలా పడతాయి. ఎనిమిది దాటితే మిగిలినవి గీయకుండా వదిలేస్తుంది. అన్యాయం జరగకూడదని ప్రోగ్రామర్లు ఫ్రేము ఫ్రేముకి, అంటే తెర తిరగ్గీసిన ప్రతిసారీ, వరస మారుస్తారు, అదే మనకి మిణుకుగా కనిపిస్తుంది. కనిపించకపోయినా ఆ శత్రువు అక్కడే ఉంటాడు, దెబ్బ కూడా కొడతాడు. రెండోది, లెక్కలు ఎక్కువై ప్రాసెసర్ ఒక ఫ్రేములో పని ముగించలేకపోతే ఆట నత్తనడక నడుస్తుంది. అప్పుడు టక్కున కొట్టి వదిలేసిన బటన్‌ని అది చూడకపోవచ్చు. ఇలాంటి చోట్ల బటన్ కొంచెం ఎక్కువసేపు నొక్కి ఉంచండి. మూడోది, స్క్రీన్ అంచు దాటిపోయిన శత్రువు మీరు రెండడుగులు వెనక్కి వేయగానే మళ్ళీ పుడతాడు. అందుకని కొట్టాక వెనకడుగు వేయొద్దు. పిజ్జా కోసం భవనం మొత్తం తిరిగి రావాల్సి వస్తే, దారిలో తగిలే దెబ్బలకీ దొరికే పిజ్జాకీ లెక్క కుదురుతుందో లేదో చూసుకోండి. ముక్క పిజ్జా కోసం సగం శక్తి పోగొట్టుకున్నవాళ్ళు బోలెడు.

కొత్త టీవీల మీద ఆడేవాళ్ళకి ఇంకో అన్యాయం: బొమ్మని అందంగా దిద్దే పనిలో టీవీ దాన్ని ఆలస్యంగా చూపిస్తుంది. సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ పెట్టండి. ఆనకట్ట సందులో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన ‘కవాబంగా కలెక్షన్’ అనే పాత తాబేళ్ళ ఆటల కూర్పులో ఆడుతుంటే మిణుకుని, నత్తనడకని తగ్గించే వెసులుబాటు ఉంది, వెనక్కి తిప్పుకునే బటన్ కూడా ఉంది. మొదటిది పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు. వెనక్కి తిప్పే బటన్ మాత్రం ఆనకట్ట సందు ఒక్కదాన్ని సాధన చేయడానికి వాడుకుని, అసలు ఆటలో ముట్టుకోకపోతే బాగుంటుందని నా అభిప్రాయం. అది అలవాటైతే ఎవర్ని ఎప్పుడు మార్చాలన్న ఆలోచనే రాదు.

మూడో ఏరియాకి వస్తే, తాబేళ్ళ సొంత బండి పార్టీ వ్యాన్ దొరుకుతుంది. వ్యాన్ క్షిపణులు రోడ్డుకి అడ్డం పెట్టిన దడుల్ని పగలగొట్టడానికి. ఎదురొచ్చిన ప్రతి బండి మీదా పేల్చేస్తే దడి దగ్గర చేతులు ఖాళీ. భవనాల మీద నుంచి పక్క మేడకి దాటడానికి తాళ్ళు కావాలి, అవీ లెక్కబెట్టే దొరుకుతాయి. ముందుగా ఆనకట్టలో గాయపడిన తాబేళ్ళకి నిండు పిజ్జా ఉన్న భవనం చూసుకుని ఒక్కోదాన్నీ నింపుకోండి. మీ ఆట ఇక్కడ ఆగిపోవడానికి కారణం, నా ఉద్దేశంలో, ఈ పని చేయకుండా, శత్రువులు ఎత్తుకుపోయిన గురువు స్ప్లింటర్ కోసం నేరుగా బయల్దేరడమే.

ఈ ఏరియా మురుగు కాల్వలో ఒక చిన్న సందుంది. ఎదురుగా ఒక్క ఇటుక వెడల్పు ఖాళీ, నెత్తిన తక్కువ ఎత్తులో కప్పు. దూకితే తల కప్పుకి కొట్టుకుని సరిగ్గా ఆ ఖాళీలోనే పడతారు, మళ్ళీ ఆ దారంతా నడవాలి. ఎంతమంది ఎన్ని గంటలు దూకి ఉంటారో. దీనికి జవాబు దూకకపోవడమే. పక్క బటన్ నొక్కిపట్టి మామూలుగా నడిచిపోండి, తాబేలు పాదం ఆ ఖాళీ కన్నా వెడల్పు, దాటిపోతుంది. మీరు ఆడుతున్నది పాత కంప్యూటర్ డాస్ వెర్షన్ అయితే మాత్రం ఈ సలహా పనికిరాదు. అందులో మూడో ఏరియా కాల్వలో ఒక ఖాళీని మామూలుగా ఆడి దాటలేరు. దూకే దూరం కన్నా ఖాళీనే ఎక్కువ, చీట్ వాడాల్సిందే. అక్కడ మీ తప్పు పైసా కూడా లేదు.

దూకడం గురించి ఇంకొక్క మాట. బటన్ తాకి వదిలితే చిన్న గెంతు, నొక్కిపడితే పిల్లిమొగ్గతో పెద్ద గెంతు. చాలామందికి అన్నిటికీ పెద్ద గెంతే అలవాటు. ఇరుకు గదుల్లో దానివల్లే పైనున్న శత్రువు ఒళ్ళోకి వెళ్ళి పడతారు.

నాలుగో ఏరియా, అంటే విమానాశ్రయం, పెద్దది గానీ కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. దీన్ని సరుకులు నింపుకునే చోటుగా చూడండి. విసిరే ఆయుధాల్లో షురికెన్ (నక్షత్రంలాంటి ఇనుప బిళ్ళ) మామూలు, మూడు చీలే షురికెన్ కొంచెం మేలు, బూమరాంగ్ తిరిగొచ్చినప్పుడు పట్టుకుంటే లెక్క తగ్గదు, చుట్టలా కనిపించే స్క్రోల్ అన్నిటికన్నా బలమైనది. స్క్రోల్స్ కనిపించిన చోట పిజ్జా లాగానే బయటికెళ్ళి మళ్ళీ వచ్చి పోగుచేయొచ్చు. వీటిని ఎవరికి ఇవ్వాలి? పొట్టి ఆయుధాల వాళ్ళకే. స్క్రోల్స్ నిండా ఉన్న రాఫేల్ ఇంక పనికిరానివాడు కాదు, దూరం నుంచే తుడిచిపెట్టేస్తాడు. డొనటెల్లోకి కర్ర చాలు. విసిరే ఆయుధానికీ సొంత ఆయుధానికీ మధ్య సెలెక్ట్ బటన్‌తో మారాలి. గదిలోకి అడుగుపెట్టే ముందే చూసుకోండి, మామూలు పిల్ల శత్రువుల మీద స్క్రోల్స్ కుమ్మరిస్తే చివర్లో ఏడవాలి.

ఐదో ఏరియాలో టెక్నోడ్రోమ్, అంటే తాబేళ్ళ ప్రధాన శత్రువు ష్రెడర్ కోట, మూడు గుహల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది, అది ఆట ఆటకీ మారుతుంది. అందుకని ‘ఫలానా గుహకి వెళ్ళు’ అని చెప్పేవాళ్ళని నమ్మకండి. అదృష్టం బాగోకపోతే మూడూ తిరగాలి, దానికి తగ్గ శక్తి చేతిలో ఉంచుకునే వెళ్ళాలి.

చివరి ఏరియాలో, ష్రెడర్ గదికి ముందు వచ్చే నడవ ష్రెడర్ కన్నా ఘోరం. వీపున జెట్ కట్టుకుని ఎగురుతూ లేజర్ కొట్టే సైనికులు గుంపుగా వస్తారు, తప్పుకునే చోటుండదు. మీరు ఇన్నాళ్ళూ దాచిన స్క్రోల్స్ ఖర్చయ్యేది ఇక్కడే. రాఫేల్‌నో మైకెలాంజెలోనో ముందు పెట్టి, కనిపించిన వెంటనే విసరండి, దగ్గరికి రానివ్వొద్దు, వెనక్కి నడవొద్దు. ఒక తాబేలు శక్తి అయిపోవస్తుంటే మార్చుకోండి. ఆనకట్టలో చేసిందే, ఈసారి నేల మీద.

ష్రెడర్ గది తలుపు దగ్గర స్టార్ట్ నొక్కి డొనటెల్లోని దింపండి. ష్రెడర్ తుపాకీ కిరణం తగిలితే తాబేలు మామూలు తాబేలైపోతుంది, శక్తి ఎంత ఉన్నా అంతే. కాబట్టి వాడికి ఎదురుగా ఒకే ఎత్తులో నిలబడి దెబ్బకి దెబ్బ అనుకోవద్దు. వాడు దూకి దిగే చోటుని చూస్తూ, కర్ర చివర మాత్రం తగిలేంత దూరంలో ఉండి, దిగుతుండగా కొట్టండి. దెబ్బ తగిలినప్పుడు వాడు వెనక్కి తూలుతాడు, ఆ సందులో ఇంకొకటి. ఇంతదూరం డొనటెల్లోని నిండు శక్తితో తీసుకొచ్చి ఉంటే, ఈ ఆటలో అన్నిటికన్నా తేలికైన బాస్ ష్రెడరే అనిపిస్తాడు.